సున్నంతో రాసిన ఉత్తరం

మహబూబ్‌నగర్,
28 సెప్టెంబర్ 2024.

మామయ్యకు సుహాసిని నమస్కారాలు.

నీ ఉత్తరం అందింది. నువ్వు అడిగిన రెండు ప్రశ్నలకు ముందు జవాబులు. అన్నం వేళకే తింటున్నాను. కవరు మీద పిన్‌కోడ్ ఈసారి సరిగ్గానే రాశాను, చూసుకో. పోస్టుమాస్టరుగా రిటైరైనా నా కవర్ల మీద నీ తనిఖీ మాత్రం ఆగలేదు. నీకు చెవులు వినబడటం మానేసినప్పటి నుంచి మనకు ఉత్తరాలే గతి. అత్తమ్మకు ఫోను చేస్తే సగం నా మాట వింటుంది, సగం టీవీ సీరియల్ వింటుంది.

ఇక్కడి కబురు ఒకటుంది. ఈ ఏడు మా గురుకులానికి ఒక చిన్న డ్రోను ఇచ్చారు. మా ఆడపిల్లలు దానికి తూనీగ అని పేరు పెట్టుకున్నారు. తొమ్మిదో తరగతికి దాని పాఠం నేనే చెప్పాలి. మొదటి రోజు "డ్రోను అంటే ఏమిటి?" అని అడిగితే మెర్సీ అనే పిల్ల లేచి, "బాంబులేసేది టీచర్" అంది. టీవీలో రోజూ యుద్ధాలే చూస్తున్నారు కదా, దాని తప్పేముంది? అందుకే పిల్లలకు ఒకటే పని పెట్టాను. ఎవరికీ హాని చేయకుండా, ఎవరికో ఒకరికి అక్కరకొచ్చే పని ఈ తూనీగకు వెతకాలి.

దీన్ని డిజైన్ థింకింగ్ అంటారు. పేరు చూసి జడుసుకోకు. డ్రోనును చేత్తో పట్టుకొని పని కోసం వెతకకూడదు. ముందు మనుషుల దగ్గరికి వెళ్ళాలి, వాళ్ళ చోటులో నిలబడి చూడాలి, వాళ్ళ కష్టం అడిగి వినాలి. అది మొదటి మెట్టు. దసరా సెలవుల్లో పిల్లలు తమ తమ ఊళ్ళలో ఆ పని చేస్తారు.

మీ కాలనీలో మన వర్షిత అడుగుతుంది. మీ పక్కింటి ఎల్లేష్ అన్న బిడ్డను నువ్వే పట్టుబట్టి మా బడిలో చేర్పించావు, నీ మాట నిలబెట్టింది. తరగతిలో అందరికన్నా శ్రద్ధ దానికే. పొలమెంత, బావి ఎంత లోతు, ఏ పనికి కష్టపడుతున్నారు అని అడుగుతుంది. అడిగిందంతా రాసుకొస్తుంది. దాన్ని బట్టి ఎక్కడ ఎగరేయాలో తేలుస్తాం. పిల్లను ఎవరూ కసురుకోకుండా నలుగురికీ నువ్వే ఒక మాట చెప్పు.

అత్తమ్మను మోకాళ్ళ నూనె వాడమను. సీసా అలమరలో దాచుకుంటే నొప్పి తగ్గదు.

నీ మేనకోడలు,
సుహాసిని


కొత్త కాలనీ, నార్కట్‌పల్లి దగ్గర,
9 అక్టోబర్ 2024.

చిరంజీవి సుహాసినికి మామయ్య దీవెనలు.

ఇక్కడ అందరం క్షేమమని మొదలుపెట్టడం అలవాటు. ఈసారి ఆ వాక్యం రాయడానికి చేయి రావడం లేదు.

శనివారం నీ ఉత్తరం వచ్చింది. పుష్ప హోటల్ దగ్గర టీ తాగుతున్న వాళ్ళందరికీ చదివి వినిపించాను. నా కోడలు రాసిందన్న గర్వం, ఇంకేమీ కాదు. నా గొంతు నాకు వినబడదు కదా, ఎంత గట్టిగా చదివానో ఏమో, రోడ్డు అవతల ప్లాట్ల వ్యాపారం చేసే దశరథ్ కూడా గ్లాసు పట్టుకొని లేచి వచ్చి విన్నాడు. "పొలమెంత, బావి ఎంత లోతు, రాసుకొస్తుంది, దాన్ని బట్టి ఎగరేస్తాం" అన్న చోటికి వచ్చేసరికి మనవాళ్ళ ముఖాలు మారిపోయాయి. నేను చెవిటివాణ్ణి గానీ గుడ్డివాణ్ణి కాదు.

ఎందుకు మారాయో నీకు తెలియదా బిడ్డా? రిజర్వాయరు కింద మన పాత ఊరు పోయినప్పుడు మొదట వచ్చింది బుల్డోజర్లు కాదు, కాలేజీ పిల్లలు. ఎంత మర్యాదస్తులు! ముసలమ్మల పక్కన చాప మీద కూర్చున్నారు, మజ్జిగ తాగారు, "మీ కష్టసుఖాలు చెప్పండి" అన్నారు. బావి లోతు రాసుకున్నారు, చెట్లు లెక్కపెట్టుకున్నారు. చదువు కోసమే అన్నారు. తర్వాత ఊరి మీద ఏదో ఎగిరింది. తర్వాత ఎర్ర రంగేసిన రాళ్ళు పాతారు. తర్వాత నోటీసులు. ఇప్పుడు నీ శిష్యురాలు చేతిలో కాగితం పట్టుకొని అచ్చంగా అవే ప్రశ్నలు, అంతే మర్యాదగా అడుగుతోంది.

సోమవారం వర్షిత అడగడం మొదలుపెట్టింది. మంగళవారం పొద్దున డ్రోను వచ్చింది. నేను బత్తాయి చెట్లకు నీళ్ళు కడుతున్నాను. చప్పుడు నాకు తెలియలేదు. నా నీడ పక్కన ఇంకో చిన్న నీడ పాకుతుంటే తలెత్తి చూశాను. అంత కిందికి వచ్చింది. ఎల్లేష్ గట్లు దూకుతూ పరుగెత్తుకొచ్చాడు. పెదాలు చూసి మాట తెలుసుకోవడం నాకు అలవాటే కదా. "కాకా, మల్లొచ్చిన్రా? మల్ల మనల్ని లేపుతరా?" అన్నాడు.

చెప్పకుండా ఎగరేసినందుకు నిన్ను తిట్టాలనే ఉంది. తిట్లు తర్వాత చూసుకుందాం. "ఆ డ్రోను మా బడిదే" అని ఒక్క వాక్యం స్పష్టంగా రాసి వెంటనే పంపు. దాన్ని కూడా పుష్ప హోటల్ దగ్గరే చదువుతాను. అందరూ ఊపిరి పీల్చుకుంటారు, నేను కూడా.

రేపు సద్దుల బతుకమ్మ. అత్తమ్మ తంగేడు పూలు తెమ్మంది. చేను వైపు వెళ్ళాలంటే ఆకాశం చూసుకుంటూ నడవాల్సి వస్తోంది.

మామయ్య,
రామచంద్రం


మహబూబ్‌నగర్,
16 అక్టోబర్ 2024.

మామయ్యా,

నువ్వడిగిన వాక్యం రాయలేను. మీ మీద తిరిగింది మా తూనీగ కాదు. సెలవులన్నాళ్ళూ అది ల్యాబ్ బీరువాలోనే ఉంది, తాళం చెవి నా దగ్గరే ఉంది. దానికి మా బడి గోడ దాటి వంద గజాలు పోయే సత్తువ కూడా లేదు. "మాదే" అని రాస్తే మీరంతా నెమ్మదిస్తారని తెలుసు. ఒక కాగితం మీద అలాగే రాశాను కూడా, మళ్ళీ చించేశాను. రేపు నిజంగానే ఎవరైనా రాళ్ళు పాతితే నా అబద్ధం మీ గొంతు కోస్తుంది.

అలాగని అది సర్వే అని అనుకోవద్దు. ఎవరిదో మనకు తెలియదు, అంతే. మండలాఫీసుకు వెళ్ళి అడుగు. నోటితో అడగకు, వాళ్ళ జవాబు వినబడక కొట్లాటకు దిగుతావు. రాసి ఇచ్చి, రాసి ఇమ్మను.

నిన్న బడి తెరిచారు. పిల్లలందరూ వచ్చారు, వర్షిత రాలేదు. ఎల్లేష్ అన్న ఫోను ఎత్తడం లేదు. నాకు చాలా భయంగా ఉంది మామయ్యా. పాత ఊళ్ళో ఆ కాలేజీ పిల్లలు వచ్చినప్పుడు నేను మీ ఇంట్లోనే ఉండి చదువుకుంటున్నాను. వాళ్ళకు మజ్జిగ పోసింది నేనే. అవతలివాళ్ళ చోటులో నిలబడి చూడమని బోర్డు మీద రాసి పిల్లలకు పాఠం చెప్పాను గానీ, ఆ ప్రశ్నలు మీ చెవికి ఎలా వినబడతాయో నాకే తట్టలేదు. పోయి పోయి ఆ కాగితాన్ని ఆ పిల్ల చేతిలో పెట్టాను.

వర్షిత ఎలా ఉందో రాయి. ఈ ఉత్తరం మాత్రం ఎక్కడా చదివి వినిపించకు.

సుహాసిని


కొత్త కాలనీ,
21 అక్టోబర్ 2024.

సుహాసినికి,

నువ్వు చెప్పినట్టే నీ ఉత్తరం ఎక్కడా చదవలేదు, జేబులో పెట్టుకొని తిరిగాను. అదే కొంప ముంచింది. "మాస్టరు, కోడలు ఏం రాసింది?" అని అందరూ అడిగారు. ప్రతి ఉత్తరాన్నీ రోడ్డంతా వినబడేలా చదివే మనిషి నోరు మూసుకుంటే ఏమనుకుంటారు? సుహాసినికి అన్నీ ముందే ఎరుకని ఒకరన్నారు. మాస్టరు నోరు ఎవరో మూయించారని ఇంకొకరు. గోరంతది కొండంత అయింది. మండలాఫీసులో అడిగితే తమకు ఏ సర్వే గురించీ తెలియదని రాసి ఇచ్చారు. ఆ కాగితం చూపిస్తే, పాత ఊళ్ళో కూడా చదువు కోసమే అన్నారు కదా అని నవ్వారు. డ్రోను మాత్రం వస్తూనే ఉంది.

అసలు సంగతి ఇప్పుడు రాస్తున్నాను, కూర్చొని చదువు. దశరథ్ రోజూ కాలనీకి వస్తున్నాడు. "సర్కారు తీస్కుంటె ఏమిస్తదో మీకెరుకే గద. నోటీసు రాకముందే నాకిచ్చెయ్యుర్రి" అంటూ ఇంటింటికీ తిరుగుతున్నాడు. ఎల్లేష్ తన పొలానికి అతని దగ్గర బయానా డబ్బు తీసుకున్నాడు. నవంబర్ నాలుగున రిజిస్ట్రేషన్.

ఆ ఎకరంనర సంగతి నీకు చెప్పాలా? పాత ఊరి పరిహారంతో కొన్నది. కొన్నప్పుడు మట్టి కన్నా రాళ్ళే ఎక్కువ. మొగుడూ పెళ్ళాం గంపలతో మోసి గట్టున పోశారు. బావి తవ్వారు. బత్తాయి ఈ ఏడే కాపుకు వచ్చింది. నేను వెళ్ళి గట్టిగా అడిగాను. ఏడుస్తూ మాట్లాడే మనిషి పెదాలు చదవడం కష్టం, రెండుసార్లు చెప్పించుకున్నాను. "ఒక్కపారి గుంజి బయటేసిన్రు కాకా. ఈపారి పొమ్మన్నదాక ఉండ. నేనే లేసి పోత" అన్నాడు. భుజం తట్టి వచ్చేశాను. నా చెట్ల మీద కూడా ఆ నీడ పాకింది కదా.

వర్షితను కొట్టలేదు, తిట్టలేదు. మాట్లాడటం మానేశాడు. అది దెబ్బల కన్నా ఎక్కువైంది. ఆ పిల్ల ఊరందరితో పాటు తండ్రిని కూడా, "బాపూ, మన బాయి ఎంత లోతు?" అని అడిగిందట. అన్నం ముందు నుంచి లేచిపోయాడట. ఆ రోజు నుంచి ఇంతే. బడికి పంపనని అనలేదు, పంపుతాననీ అనలేదు. బోరింగు దగ్గర ఆడవాళ్ళు "సర్వే పిల్ల" అని పిలుస్తున్నారు. రోజూ వచ్చి మా అరుగు మీద కూర్చుంటుంది. "టీచర్‌కు రాయి తాతా, నేను మంచిగనే అడిగిన అని" అంటుంది. ఎంత మంచిగా అడిగితే అంత భయపడ్డారని దానికి ఎలా చెప్పను?

నీ చదువులో తర్వాతి మెట్టు ఏమిటో రాయి. మొదటి మెట్టు మీదే మాకు కాళ్ళు విరిగాయి.

రామచంద్రం


మహబూబ్‌నగర్,
24 అక్టోబర్ 2024.

మామయ్యా,

నీ ఉత్తరాన్ని తరగతిలో చదివేశాను. నిన్ను అడగలేదు, కోప్పడకు. వర్షిత బెంచీ ఖాళీగా ఉంది, పిల్లలు రోజూ అడుగుతున్నారు. ఇంకేం చెప్పాలో తోచలేదు.

అంతా విన్నాక, బాంబులేసేది అన్న మెర్సీయే మళ్ళీ లేచింది. "టీచర్, వాళ్ళ కష్టం పొలం గాదు, బాయి గాదు. మీదికెల్లి ఎవరో చూస్తున్నరు, ఎవరో ఎరుకలేదు. గదే కష్టం" అంది. నువ్వడిగిన తర్వాతి మెట్టు ఇదే మామయ్యా, కష్టం ఏమిటో ఒక్క మాటలో తేల్చుకోవడం. మేము తూనీగకు పని వెతుకుతూ కూర్చున్నాం, మీకు ఇంకో తూనీగ ఎందుకు?

తర్వాత ఏం చేయాలో పిల్లలు తలా ఒకటి చెప్పారు. వల వేసి పట్టాలని ఒకరు, రాళ్ళతో కొట్టాలని ఇంకొకరు, మన తూనీగను దాని వెంట తరమాలని ఇంకొకరు. యుద్ధం మన పని కాదని అన్నీ కొట్టేశాను. చివరికి ఒక పిల్ల, "అందర్ని అడిగినం గని, ఎగరేసెటోన్ని అడగలే గద టీచర్" అంది. నిజమే కదా! కానీ ఎలా అడగడం? అతనెవరో తెలియదు, ఎక్కడ నిలబడి ఎగరేస్తున్నాడో తెలియదు. అతని గురించి మనకు తెలిసింది ఒక్కటే, అతను కిందికి చూస్తున్నాడు. అక్కడే ఆగిపోయాం.

ఈ కాగితం వర్షితకు చూపించు. తరగతి అంతా కలిసి దాని పాఠం మీదే కూర్చున్నామని చెప్పు. తప్పు ఏదైనా ఉంటే అది ప్రశ్నలు రాసిచ్చిన టీచరుదని కూడా చెప్పు.

ఇక్కడ పరీక్షలు, సెలవు అడిగితే ఇవ్వలేదు. నవంబర్ మూడు ఆదివారం వస్తాను. మరునాడే రిజిస్ట్రేషన్. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అవుతుందేమోనని నాకు అన్నం సయించడం లేదు. అంతదాకా ఎల్లేష్ అన్నను ఎలాగైనా ఆపు.

సుహాసిని


కొత్త కాలనీ,
30 అక్టోబర్ 2024.

చిరంజీవి సుహాసినికి,

నువ్వు ఆదివారం వస్తున్నావు, ఈ ఉత్తరం నీకన్నా ముందు చేరుతుందో లేదో తెలియదు. అయినా స్పీడ్ పోస్టు చేస్తున్నాను. నోటితో చెబుదామంటే అత్తమ్మే అంతా ముందు చెప్పేస్తుంది, నేను చెప్పేది మిగలదు.

నీ కాగితం వర్షితకు ఇచ్చాను. "అతను కిందికి చూస్తున్నాడు" అన్న చోట వేలు పెట్టి మళ్ళీ మళ్ళీ చదివింది. తర్వాత నా వైపు తిరిగి, నాకు అర్థమయ్యేలా మెల్లగా చెప్పింది. "తాతా, కిందికి చూసెటోనికి కిందనే రాసి పెట్టాలె."

దీపావళికి వెల్ల వేద్దామని అత్తమ్మ తెప్పించిన సున్నం ఇంట్లో ఉంది. ఎల్లేష్ తోట పక్కన దున్ని వదిలేసిన ఎర్రనేల ఉంది. ఉత్తరాల పని కాబట్టి నాకూ ఉత్సాహం వచ్చింది. కానీ ఏం రాయాలన్న దగ్గర ఇద్దరికీ కొట్లాట. "దొంగ వెధవా, ఎవడ్రా నువ్వు, మా నేల మీద నీకేం పని" అని నేను చెప్పాను. ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది. "తిడితే పారిపోతడు తాతా. ఆయన జాగల నిలబడి చూడాలె. పొద్దంత ఎండల నిలబడి ఎగరేస్తుంటడు. ఆయనకేం గావాలె?" అంది. ఊరిని ఏడిపిస్తున్నవాడి జాగాలో నిలబడటమేమిటని నాకు ఒళ్ళు మండింది. అత్తమ్మ చెంబు తోముతూ తలెత్తి, "ఎండల ఉన్నోనికి నీళ్ళు గావాలె, ఇంకేం గావాలె?" అంది. ఇంట్లో ఇద్దరూ ఒక పక్కకు చేరాక నేనేం చేస్తాను?

"ఎవరయ్యా నువ్వు? దిగి నీళ్ళు తాగి పో." అదీ ఉత్తరం. ఒక్కో అక్షరం నులక మంచమంత. పిల్ల గీతలు గీసింది, నేను సున్నం పోశాను. ఎల్లేష్ గట్టు మీద నిలబడి చూశాడు, పలకలేదు. సగంలో సున్నం అయిపోయింది. అప్పుడు ఇంటికి పోయి తన సున్నం బస్తా భుజాన వేసుకొచ్చి పక్కన దించాడు. అప్పటికీ పలకలేదు.

రెండు రోజులు ఏమీ రాలేదు. ఆ రెండు రోజులు నేను దశరథ్ ముఖాన్నీ ఎల్లేష్ ముఖాన్నీ చూస్తూ గడిపాను. నిన్న మంగళవారం వచ్చింది. తోటల మీద ఒక చుట్టు తిరిగి, అక్షరాల మీదికి రాగానే నిలిచిపోయింది. గట్టు మీద ఉన్నవాళ్ళందరం తలలెత్తి చూశాం. కాసేపు అక్కడే ఉండి వెనక్కి మళ్ళింది. ఎల్లేష్ చేయి విదిలించి, "పాయె" అన్నాడు.

అత్తమ్మ చెంబు పట్టుకొని ఇంకా అక్కడే నిలబడి ఉంది. మట్టి బాట మీద ఒక బండి వచ్చింది. దిగింది ఎవరనుకున్నావు? నకిరేకల్‌లో పెళ్ళిళ్ళకు వీడియో తీసే ఐలేశం. "పెద్దమ్మా, జర నీళ్ళియ్యి" అన్నాడు. రెండు చెంబులు తాగాడు. నేను కర్ర ఎత్తబోతే వర్షిత చేయి పట్టుకుంది, తాగేదాకా ఎవరినీ ఏమీ అడగనివ్వలేదు. తాగాక తనే చెప్పాడు. "దశరథ్ సేటు తియ్యమన్నడు. వెంచరు వీడియో. గీ పొలాలన్ని కొన్నం అన్నడు. కొనలేదా మరి?"

ఫోనులో ఆ వీడియో చూపించాడు. మన పొలాలన్నిటి మీదా గీతలు గీసి రోడ్లు, ప్లాట్లు, మధ్యలో ఆడుకునే పార్కు. ఎల్లేష్ ఫోను చేతిలోకి తీసుకొని వెతికి వెతికి, "ఇందుల నా బాయేది?" అని అడిగాడు. ఐలేశం తల వంచుకున్నాడు. బావి ఉన్నచోట ఈత కొలను పెట్టారు. సర్వే లేదు, నోటీసు లేదు. నేను పుష్ప హోటల్ దగ్గర గొంతు చించుకొని చదివిన నీ ఉత్తరాన్ని దశరథ్ చక్కగా విని, మన ముఖాల్లో భయం చూసి, మరునాడే ఐలేశాన్ని పురమాయించాడు. నా గొంతుకు ఈ వయసులో ఇంత గిరాకీ ఉందని నాకు తెలియదు.

ఎల్లేష్ సాయంత్రమే వెళ్ళి బయానా తిరిగి ఇచ్చేశాడు. దశరథ్ ముందు గునిశాడట, వెనకాలే ఐలేశం వీడియోతో నిలబడేసరికి మెత్తబడ్డాడట. సోమవారం ఏ రిజిస్ట్రేషనూ లేదు. నువ్వు హాయిగా అన్నం తిను.

అంతా అయిపోయిందని రాయను. నీళ్ళు కట్టేటప్పుడు నా నీడ పక్కన ఇంకో నీడ ఉందేమోనని ఇవాళ పొద్దున కూడా చూసుకున్నాను. అందరం అలాగే చూస్తున్నాం. ఒకసారి మునిగిన ఊరి వాళ్ళం, అది అంత తొందరగా పోదు. అక్షరాలు చెరపవద్దని కాలనీలో అనుకున్నాం. నా ఉద్యోగమంతా చిరునామాలు చూసి బతికినవాణ్ణి, చిరునామా లేని ఉత్తరం చేరడం ఇప్పుడే చూశాను.

ఒక్క మాట రాసి ముగిస్తాను. ఇవాళ పొద్దున వర్షిత మా అరుగు మీద కూర్చొని బడి సంచి సర్దుకుంటోంది. ఎల్లేష్ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. ఇన్నాళ్ళ తర్వాత దానితో మాట్లాడటం అదే మొదలు. ఎండ అతని ముఖం మీదే ఉంది, ప్రతి మాటా నాకు తెలిసింది.

"బాయి ఎంత లోతని అడిగినవ్ గద బిడ్డా. తాడు దెచ్చిన. దా, కొలుద్దాం" అన్నాడు.

మీ మామయ్య,
రామచంద్రం